డ్రమ్ములో రావాల్సిన మోటారు

ఈ ఉదయం మంజీర నదిలో మునిగిన పడవ మోటారు ఒకటి నా దుకాణానికి వచ్చింది. అడుగు బోల్టు విప్పగానే పాలెక్కువైన చాయ్ రంగులో నూనె కారింది. నీళ్లు కలిసిన నూనె అలాగే ఉంటుంది. కిరోసిన్, బురద కలగలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే జైనబ్ ఆపా గుర్తొచ్చింది.

నారాయణఖేడ్ బస్ డిపో దారిలో ఇంజన్లు బాగుచేసే దుకాణం ఆమెది. భర్త పోయాక అమ్మేస్తుందని అందరూ అనుకున్నారు. ఏళ్ల తరబడి ఆయన పక్కన కూర్చుని ఇంజన్ల చప్పుడు విన్న మనిషి, అమ్మలేదు. హైదరాబాద్‌లో పనిచేసి తిరిగొచ్చి, నాకన్నీ వచ్చనే ధీమాతో ఆమె దగ్గర చేరాను. ఆమె నియమం ఒకటి మాత్రం నాకు వింతగా ఉండేది. మునిగిన మోటారును ఆరబెట్టకూడదట. "గాలి తగిలితెనే తుప్పు పడతది. డ్రమ్ముల మంచినీళ్లు పోసి, అండ్ల ముంచి తీస్కరా" అని ఫోన్ చేసినవాళ్లకు చెప్పేది. ఆపాకు మోటారు కూడా చేపేనని జనం నవ్వుకునేవారు. వాళ్లలో నేనూ ఒకణ్ని.

ఒక మధ్యాహ్నం ఆపా నమాజుకు వెళ్లినప్పుడు మానూర్ వైపు నుంచి మానయ్య ఫోన్ చేశాడు. చేపలు పట్టేవాడు. పడవ బోర్లాపడి మోటారు మునిగిందన్నాడు. "బయటకి తీసి ఎండల మంచిగ ఆరబెట్టు, ఎల్లుండి తీస్కరా" అన్నాను, పెద్ద తెలిసినవాడిలాగా. పాపం, తుడిచి, ఆరబెట్టి, దుప్పటిలో చుట్టి మరీ తెచ్చాడు.

శుభ్రం చేసి తాడు లాగితే రెండో గుంజుకే మోటారు అందుకుంది. మానయ్య ముఖం వెలిగిపోయింది. ఆపా మాత్రం పొడవాటి స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంది. తర్వాత మోటారు ఆపేసింది.

"బేరింగులకు తుప్పు పట్టింది. నడుస్తది. కని ఎప్పుడు పట్టేస్తదో చెప్పలేం."

"గీ నాలుగు నెలలు నడిస్తె సాలు ఆపా. చేపలు పడేది గిప్పుడే. మోటారు లేకుంటె ఇంట్ల పొయ్యి వెలగది."

"నది నడుమ ఆగితె నడిచొస్తవా మానయ్యా? ఇంతకు ఎవరు ఆరబెట్టమన్నరు?"

మానయ్య నావైపు చూసి తల దించుకున్నాడు. "నేనే ఆపా. తెలువక."

నా నోటి దురుసు వల్ల పొయ్యి ఆరిపోబోతున్న మనిషి నన్ను కాపాడుతున్నాడు. "నేనే చెప్పిన" అన్నాను.

ఆపా తిట్టలేదు. "సాయిలూ, నీ బిడ్డను ఎక్కించుకోని గీ మోటారు మీద అవుతలి ఒడ్డుకు పోతవా?"

"పోను."

"గదే మానయ్యకు చెప్పు."

చెప్పాను. అంత కష్టంగా నేనెప్పుడూ ఏ మాటా చెప్పలేదు. అప్పుడు ఆపా మానయ్య వైపు తిరిగి, "తప్పు మా దుకాణంది. లోపల అంత మార్చి మేమే బాగుచేస్తం" అంది. నా తప్పును మా తప్పు చేసింది.

పాత మోటారొకటి వెతికి తెచ్చి, దాని బేరింగులు, రాడ్డు తీసి దీనికి బిగించడానికి వారం పట్టింది. అన్ని రోజులూ మానయ్య తెడ్డుతోనే వేటకు వెళ్లాడు. మోటారును నదిలో పరీక్షించే రోజున నేను ఒడ్డునే నిలబడ్డాను. ఆపా కొంగు దోపి ముందుగా పడవెక్కింది.

"ఈత వచ్చా ఆపా?"

"రాదు. నీకు?"

"నాకు గూడ రాదు."

"మంచిగైంది. ఎక్కు."

నది నడుమ ఆమె మోటారు ఆపించింది. చుట్టూ నీళ్లు, పడవ అంచు గట్టిగా పట్టుకున్నాను. "ఇగ గుంజు" అంది. గుంజాను. అందుకుంది. మానయ్య గట్టిగా నవ్వాడు. ఆపా కొంగుతో ముఖం తుడుచుకుంది. అప్పుడు తెలిసింది, ఆమె కూడా భయపడిందని.

ఇప్పుడు ఆపా లేదు. ఈ ఉదయం మోటారు తెచ్చినతన్ని ఆరబెట్టావా అని అడిగాను. "లేదన్నా, డ్రమ్ముల ముంచే తెచ్చిన. మా దిక్కు అందరు గట్లనే చెప్తరు" అన్నాడు. ఎవరు నేర్పారో అతనికి తెలియదు. "బాగయితదా?" అని అడిగాడు. పూర్తిగా విప్పి చూశాక చెబుతానన్నాను.

నాకు ఇప్పటికీ ఈత రాదు. బాగుచేసిన పడవ మోటారును ఇచ్చే ముందు మాత్రం, మొదట ఎక్కేది నేనే.