రజియా ఆంటీ కారులో వెనక సీటు

మొన్న న్యూజిలాండ్‌లో, మా టౌరంగా ఊళ్ళో సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో ఎవరిదో పాత కారు తలుపు తెరుచుకుంది. ఎండకు కాగిన తోలు సీట్ల వాసన గుప్పుమంది. ఆలోచించకుండానే వంగి చెప్పులు విప్పబోయాను. ఆ అలవాటు రజియా ఆంటీ చేసింది.

ఆంటీది వరంగల్. ఇక్కడ నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఒంటరి మనిషి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండులో దొరల కోసం తయారైన పెద్ద కారొకటి ముచ్చటపడి కొనుక్కున్నారు. చెప్పులు డిక్కీలో పెడితే గాని ఎవరినీ ఎక్కనిచ్చేవారు కాదు. నేను ఆవిడ ఇంట్లో ఒక గదిలో అద్దెకుండేదాన్ని. వృద్ధుల ఇళ్ళకు వెళ్ళి వాళ్ళను చూసుకునే ఉద్యోగం దొరికింది గాని, నెలాఖరులోగా డ్రైవింగ్ లైసెన్స్ చూపించాలన్నారు. అప్పటికే టెస్ట్ రెండుసార్లు తప్పాను. వెనక ఎవరైనా హారన్ కొడితే చాలు, కంగారులో క్లచ్ వదిలేసి బండి ఆపేసేదాన్ని.

ఆంటీ ఆ కారులోనే నేర్పించారు. ఒకసారి రౌండబౌట్ అనే గుండ్రటి కూడలి దగ్గర బండి ఆగిపోయి, నేను వెనకవాళ్ళకు దండాలు పెడుతుంటే అన్నారు: “వాని తొందర వానిది, నీ క్లచ్ నీది. మెల్లగ ఇడువు బిడ్డా.”

మూడో టెస్టుకూ ఆ కారే తీసుకెళ్ళాం. ఎగ్జామినర్ ఆరడుగుల కివీ, ఈ దేశపు మనిషే. ఆయన ఎక్కబోతుంటే ఆంటీ అడ్డం నిలబడి, బూట్ల వైపు వేలు చూపించారు. ఆయన నావంక చూశాడు. నేను ఆకాశంలోకి చూశాను. చివరికి విప్పి ఎక్కాడు. మేజోడు చిరుగులోంచి బొటనవేలు తొంగి చూస్తోంది. దాన్ని చూశాక సగం భయం పోయింది. రౌండబౌట్ దగ్గర బండి మళ్ళీ ఆగింది. వెనక హారన్లు. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఊపిరి పీల్చుకుని, మెల్లగా స్టార్ట్ చేశాను.

“ఇంత తీరిగ్గా బయల్దేరినవాళ్ళను నేను చూడలేదు,” అంటూ ఎగ్జామినర్ పాస్ చేశాడు.

ఆంటీ కాగితం చదివి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నారు.

“ముందు కూర్చోరా ఆంటీ?”

“పన్నెండేండ్ల సంది ఈ కారు నాదే. ఎనక సీట్ల ఒక్కనాడు గూసోలే. నడిపెటోళ్ళు ఎవలున్నరు నాకు? బీచ్ దిక్కు పోనియ్యి.”

దారి పొడవునా నడిచేవాళ్ళకు రాణిగారిలా చెయ్యి ఊపుతూ వచ్చారు. కొందరు తిరిగి ఊపారు కూడా. అద్దంలో చూస్తే, నవ్వుతూనే చున్నీ కొసతో కళ్ళు తుడుచుకుంటున్నారు.

ఆంటీ పోయి రెండేళ్ళయింది. నేను చూసుకునే పెద్దవాళ్ళను ఎక్కడికి తీసుకెళ్ళాలన్నా, ఎక్కడ కూర్చుంటారని ముందు అడుగుతాను. కొందరు జవాబు చెప్పడానికి చాలాసేపు ఆలోచిస్తారు. నేను తలుపు పట్టుకుని నిలబడతాను.