నీళ్ళు తాగి వచ్చేలోపు

ఆమెను అందరూ అక్క అనే పిలుస్తారు. పత్రికాఫీసు గేటు దగ్గర కాపలావాడి నుంచి, ఆమెకంటే వయసులో బాగా పెద్దవాడైన ఎడిటరుగారి దాకా అందరికీ అక్కే. ఇంట్లో మాత్రం ఇంకో పేరుంది. కాలుగాలిన పిల్లి. ఆ పేరు కన్నతల్లి పెట్టింది, ఊరికే పెట్టలేదు. కూర్చున్న చోట కూర్చోదు, నిలబడ్డ చోట నిలబడదు. పళ్ళు తోముకుంటూ ఇల్లంతా తిరుగుతుంది. లిఫ్టు వచ్చేదాకా ఆగలేక మెట్లెక్కేస్తుంది. ఆయాసపడుతూ పైకి చేరి, లిఫ్టు తనకంటే ముందే వచ్చి ఉంటే దాన్ని తిడుతుంది.

ఇలాంటి మనిషికి దొరికిన ఉద్యోగమేమిటయ్యా అంటే, ఒకచోట కూర్చుని వీడియో గేములు ఆడి, అవి బాగున్నాయో లేదో రాయడం. నవ్వకండి. పత్రికలో సినిమాల గురించి రాసేవాళ్ళు లేరూ, అలాగే ఇదీను. ప్రతి ఆదివారం ఆమె కాలమ్ వస్తుంది. మెచ్చుకుంటే రెండు ముక్కల్లో మెచ్చుకుని ఊరుకుంటుంది. తిడితే మాత్రం ఉతికి ఆరేస్తుంది. పాఠకులకు ఉతికిన వారమే ఎక్కువ ఇష్టం. లోకం తీరే అంత, పెళ్ళికి రానివాడు కూడా పోట్లాటకి పరిగెత్తుకొస్తాడు.

ఏడాది చివర్లో మాత్రం పెద్ద కాలమ్ రాయాలి. "ఈ ఏడు ఆటలకు మంచిదేనా?" అని దాని పేరు. ఏటా ఈ పనిని ఆమె ఒక్క పూటలో ముగించేసేది. ఈసారి పూటలు గడిచిపోతున్నాయిగానీ ఒక్క వాక్యం పడలేదు.

"అక్కా, చెత్త ఆటల్లో మొదటి పేరు ఆ వంతెన ఆటేనా?" అన్నారు ఎడిటరుగారు, ఆమె బల్ల దగ్గరికే వచ్చి. "మీరు దాన్ని ఉతికిన వారం మా ఇంట్లో అందరం పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. మళ్ళీ ఓ రెండు తగిలించండి."

"చూద్దాంలెండి."

"చూసేదేముంది? రేపు సాయంత్రానికి ఇచ్చెయ్యండి."

అక్క తలూపింది. వెంటనే లేచి నీళ్ళ కూజా నింపుకొచ్చింది. కూజా అప్పటికే నిండుగా ఉందని సగం ఒలికాక చూసుకుంది.

సంగతేమిటంటే, ఆ వంతెన ఆట చేసింది ఆమె సొంత తమ్ముడు.

తమ్ముడు ఆటలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తాడు. ఇన్నాళ్ళూ ఎవరెవరి ఆటలకో గోడల, చెట్ల, మేఘాల బొమ్మలు వేస్తూ వచ్చాడు. ఈ ఏడు మొదటిసారి ఒక ఆట మొత్తం వాడి చేతికిచ్చారు. అది బయటికొచ్చే ముందు ఫోను చేశాడు. "అక్కా, ఈ నెలలో వచ్చే ఆటల్లో ఒకటి నాది. ఏదో చెప్పను. నువ్వే కనుక్కో" అన్నాడు.

"ఓస్, అంతేనా! కళ్ళు మూసుకుని కనుక్కుంటా" అంది అక్క.

అన్నంత పనీ చేసింది. కళ్ళు మూసుకునే కనుక్కుంది. ఆ నెలలో వచ్చిన ఒక కార్ల పందెం ఆట చూసి, ఆ జోరుకి మురిసిపోయి, ఇది మావాడిదే అని తీర్మానించుకుని ఆకాశానికెత్తేసింది. అదే వారం, అదే పేజీలో, పక్కనే ఉన్న వంతెన ఆటను చీల్చి చెండాడింది. "ఒక పిల్లాడు ఖాళీ ఇంట్లో గదులు తిరుగుతుంటాడు. ముందుగదిలో నేల చీలి వాగు పారుతుంది. దానిమీద పలకలూడిన వంతెన. ఎంత ఎగిరినా నీళ్ళలో పడడమే. ఇది దాటడం మానవమాత్రుల వల్ల కాదు. ఈ ఆట చేసినవాడు చిన్నప్పుడు ఒక్క ఆటయినా ఆడి ఉండడు" అని రాసింది. రాసి, తమ్ముడికి ఫోను చేసి, "ఒరేయ్, కార్లాట అదిరిందిరా!" అంది.

"కార్లాట నాది కాదులే అక్కా" అని పెట్టేశాడు.

ఆ తర్వాత వాడు ఫోను చెయ్యలేదు. ఆమె చేస్తే, పనిలో ఉన్నానని రెండు ముక్కల్లో తేల్చేస్తున్నాడు. వాడి దగ్గరే ఉంటున్న తల్లి చెప్పాక గానీ అక్కకు అసలు విషయం తెలియలేదు.

"నీ నోటికి తాళం వెయ్యడం నా తరం కాలేదే తల్లీ" అంది అమ్మ.

"నిజం రాస్తే తప్పా? వంతెన దాటలేకపోయాను. దాటలేకపోయానని రాశాను. తమ్ముడని తెలిసినా అదే రాసేదాన్ని."

"తిట్టావని కాదే వాడి బాధ."

"మరి దేనికి?"

"వాడినే అడుగు. మీ ఇద్దరి మధ్యా పోస్టుమాను పని నావల్ల కాదు."

అడగలేదు. అడగడానికి అభిమానం అడ్డమొచ్చింది. తప్పు తనదని ఒప్పుకోవాలంటే ముందు వంతెనకు దారి ఉండాలి కదా? లేదే! ఈ ముక్క ఎన్నిసార్లు అనుకుందో. అనుకున్న ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి తోమింది. ఆ నెలల్లో వాళ్ళింట్లో గిన్నెలు మెరిసినట్టు పెళ్ళినాటి నుంచీ ఎప్పుడూ మెరవలేదు.

అసలు ఏడాది మంచిచెడ్డల లెక్క ఆ అక్కాతమ్ముళ్ళు చిన్నప్పుడు మొదలుపెట్టిందే. అప్పట్లో రెండు గదుల అద్దె ఇల్లు. మేనమామ తెచ్చిచ్చిన పాత ఆటల పెట్టె, చేత్తో పట్టుకుని బటన్లు నొక్కే కంట్రోలర్ ఒకే ఒక్కటి. ఏడాది ఆఖరున నేలమీద పడుకుని వాదించుకునేవాళ్ళు. అక్క ఎప్పుడూ "చెత్త ఏడు" అనేది. వాడు ఎప్పుడూ "మంచి ఏడే" అనేవాడు. ఎలారా అంటే ఒకే ఒక్క ఆట పేరు చెప్పేవాడు. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలీదా?" అనేవాడు, వేలెడంత లేడు, అచ్చం అమ్మమ్మలా.

వాడికి ఒక్క విషయంలోనే భయం. నీళ్ళు. ఆటలో వాగు వచ్చిందంటే చాలు, బొమ్మ నీళ్ళలో పడ్డప్పుడు వచ్చే బుడుంగుమన్న చప్పుడుకే బిక్కచచ్చిపోయేవాడు. అక్క వాడి చేతిలోంచి కంట్రోలర్ లాక్కునేది. "నువ్వెళ్ళి నీళ్ళు తాగి రా. ఈలోపు నేను దాటేస్తా" అనేది. వాడు వెళ్ళి వచ్చేసరికి బొమ్మ అవతలి గట్టున ఉండేది. "దాటేశా. ఇక నువ్వాడుకో" అని కంట్రోలర్ తిరిగిచ్చేసేది. ఆ వయసులో ఆమె ఎవరికైనా అడక్కుండా ఏదైనా తిరిగిచ్చిందంటే అదొక్కటే.

పెళ్ళిళ్ళయ్యాక కూడా ఏడాది చివర ఆ వాదన ఫోనులో సాగేది. ఈ ఏడే ఆగింది. ఇప్పుడు మళ్ళీ ఆ ఆటను తిడితే, వచ్చే ఏడు కూడా ఉండదు, ఆ పైయేడూ ఉండదు. తిట్టకుండా దాటేస్తే, తమ్ముడి కోసం కలాన్ని వంచినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళలేదు. వంతెన ఆట మళ్ళీ పెట్టింది. దారి ఉంటే కనుక్కోవాలి, లేకపోతే లేదని గుండెమీద చెయ్యి వేసుకుని రాయాలి.

ఆమె ఆడే తీరు వేరు. కూర్చోదు, నిలబడి ఆడుతుంది. పరుగు బటన్ మీంచి వేలు తియ్యదు. ఎన్నో ఆటలు ఆడాలి, గడువులోపల రాయాలి, ఇక గదిగదికీ ఆగి గోడలు చూసే తీరికెక్కడిది? పోయినసారి లాగే గదులన్నీ ఒక్క ఊపున దాటించేసి, పిల్లాణ్ణి ముందుగదిలో వాగు దగ్గర నిలబెట్టింది. ఎగిరించింది. బుడుంగుమన్నాడు. పరుగెత్తించి ఎగిరించింది. బుడుంగు. పక్కనుంచి, మూలనుంచి, వెనక్కి తిరిగి కూడా ఎగిరించింది. బుడుంగు.

"నీ వంతెన తగలెయ్యా!" అని సోఫాను ఒక్క తన్ను తన్నింది. సోఫాకేం కాలేదు, బొటనవేలు వాచింది.

అంతలో భర్త డ్యూటీ దిగి వచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు. ఆమె ఎంత తొందరో ఆయన అంత నింపాది. బ్రేకు మీద కాలుతోనే పుట్టాడని ఆమె వెక్కిరిస్తుంటుంది. సోఫాలో కూలబడి తెర వంక చూశాడు.

"పాపం, పిల్లాడు తడిసి ముద్దయ్యాడు. కాస్త ఆగనివ్వరాదూ?"

"ఆగితే వంతెన మొలుస్తుందా?"

"వెనకాల ఆ తలుపేమిటి?"

"వంటిల్లు. అక్కడేమీ లేదు. ఊరికే గది నింపడానికి పెట్టాడు."

"సరేలే. నోరెండిపోతోంది, కాసిని మంచినీళ్ళిస్తావా?"

"అబ్బా, ఇప్పుడే అడగాలా!" ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. "నువ్వెళ్ళి నీళ్ళు తాగి రా. ఈలోపు నేను దాటేస్తా."

అన్నది. అని, ఆగిపోయింది. వేళ్ళు కంట్రోలర్ మీద ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళాడు. తెర మీద పిల్లాడు నీళ్ళోడుతూ వాగు ఒడ్డున నిలబడి ఉన్నాడు. వాడి వెనక తలుపు ఓరగా తెరిచి ఉంది.

అక్క పరుగు బటన్ వదిలేసింది. పిల్లాణ్ణి వెనక్కి తిప్పి, ఒక్కొక్క అడుగే నడిపించింది.

వంటింట్లో గట్టు మీద స్టీలు గ్లాసుంది. దాని అంచుకు సొట్ట. ఆ సొట్ట ఎలా పడిందో ఆమెకు బాగా తెలుసు. ఒకరోజు ఆటలో ఓడిపోయి తనే గోడకేసి కొట్టింది. కిటికీకి ఒక రెక్కే ఉంది. రెండోది ఊడిపోతే ఇల్లుగలవాళ్ళు ఎన్నడూ వేయించలేదు. ఇంత చూసి, ఇన్నిసార్లు పరుగెత్తి, తన చిన్నప్పటి ఇల్లు తనే పోల్చుకోలేకపోయింది. "ఓరి నాయనోయ్" అంది పైకే.

పిల్లాడు రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తాగడం మొదలుపెట్టాడు. మెల్లగా. ఒక్కొక్క గుక్క. ఆమె అలవాటుకొద్దీ బటన్ నొక్కింది. ఏ బటన్ నొక్కినా వాడు తొందరపడలేదు. ముందుగదిలోంచి టకటకమని చప్పుళ్ళు. ఎవరో ఆడపిల్ల గొంతు, కోపంగా, సన్నగా: "పడకు, పడకు, ఎగురు, ఛీ, మళ్ళీ!"

గ్లాసు ఖాళీ అయింది. పిల్లాడు ముందుగదిలోకి వెళ్ళాడు. వాగు ఉంది. వంతెనా అలాగే ఉంది. కానీ వాడు అవతలి గట్టున ఉన్నాడు. ఇవతల నేలమీద ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు ఒక నలిగిన చాప, చాపమీద కంట్రోలర్. తెర మధ్యలో అక్షరాలు పడ్డాయి. "దాటేశా. ఇక నువ్వాడుకో."

అక్క నేలమీద చతికిలబడి ఏడ్చేసింది. ముక్కు చీదుకుంటూ, తనను తాను తిట్టుకుంటూ, వెక్కివెక్కి ఏడ్చింది. గ్లాసుతో తిరిగొచ్చిన భర్తకు ఏమీ అర్థం కాలేదు. అయినా అడగలేదు. గ్లాసు ఆమె చేతికిచ్చి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి తనకింకొకటి తెచ్చుకున్నాడు.

కాసేపటికి ఆమె ఫోను తీసింది.

"ఒరేయ్."

"ఊఁ."

"నీళ్ళు తాగానురా."

అవతల వాడు నవ్వాడో ఏమో, గొంతు మారింది. "ఇన్నాళ్ళు పట్టిందా తల్లీ నీకు దాహం వెయ్యడానికి?"

"తిట్టు. ఎంతైనా తిట్టు. పడతాను. మన ఇల్లురా అది. సొట్ట గ్లాసు కూడా పెట్టావు. నేను ఒక్కటీ చూడలేదు."

"నువ్వు తిట్టినందుకు బాధపడలేదక్కా. ప్రపంచంలో ఎవరు దాటలేకపోయినా నువ్వు దాటతావనుకున్నా. అందుకే పేరు చెప్పలేదు. తర్వాత ఆలోచిస్తే అర్థమైందిలే. నీకెలా తెలుస్తుంది? నువ్వెప్పుడూ వంటింట్లోకి వెళ్ళలేదుగా. నువ్వు వాగు దగ్గరే ఉండేదానివి."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. ఎంత ఏడ్చినా ఆ మనిషి స్వభావం ఎక్కడికి పోతుంది? "అయినా ఒక మాట చెప్తా విను. ఆ పిల్లాడు అంత మెల్లగా తాగడమేమిట్రా? ఆడేవాళ్ళకి విసుగు రాదూ? కంపెనీలో ఎవరూ చెప్పలేదా?"

"అందరూ చెప్పారు. తగ్గించమన్నారు. నేనే ఒప్పుకోలేదు."

"ఏం?"

"నేనలాగే తాగేవాణ్ణి అక్కా. గబగబా తాగేసి వస్తే, నువ్వింకా దాటి ఉండవేమోనని."

ఆమె చేతిలో భర్త ఇచ్చిన గ్లాసు అలాగే ఉంది. రెండు చేతులతో పట్టుకుని కొంచెం తాగింది.

"ఇంతకీ చెప్పు" అన్నాడు వాడు. "ఈ ఏడు మంచిదేనా?"

"చెత్త ఏడు" అంది అక్క. "ఒక్క మెతుకు ఉడికింది, అంతే."

ఆ ఏడాది కాలమ్ ఆఫీసుకు గడువు దాటాక చేరింది. ఎడిటరుగారు గొణిగారు. చెత్త ఆటల్లో వంతెన ఆట లేదు. దాన్ని గురించి తాను తప్పు రాశానని, ఆ వంతెన దాటవచ్చునని అక్క మొదటి పేరాలోనే రాసింది. ఎలా దాటాలో మాత్రం ఎడిటరుగారు ఎంత అడిగినా చెప్పలేదు.