పాల మొక్క మీద సపోటా

కడియం నర్సరీల్లో అంటు కట్టడమంటే బెన్యామీను తాతే కట్టాలి. తను కట్టిన మామిళ్లు గుజరాత్‌లో కాస్తున్నాయనీ, కలెక్టరుగారు శాలువా కప్పారనీ అడక్కపోయినా చెబుతాడు. ఆ చుట్టుపక్కల యూదుల ఇల్లు ఆయనదొక్కటే. చాకు పెట్టేముందు మొక్కని వేలితో నిమిరి, హెబ్రీలో ఏదో గొణుక్కుంటాడు. మొన్నటి వరదకి మామిడి మొక్కలన్నీ కుళ్లిపోయాక మిగిలిన పని ఒక్కటే, అడవిజాతి పాల మొక్క మీద సపోటా అంటు కట్టడం. "అది మాత్రం కట్టనండి. ఒక జాతి చెట్టుకి ఇంకో జాతిని అతకకూడదని మా ధర్మశాస్త్రం," అన్నాడు. "మీ విశ్రాంతి దినమని శనివారాలు రాకపోయినా ఊరుకున్నాను. ఇప్పుడు సపోటాకి కూడా శాస్త్రమా తాతా?" అని విసుక్కున్నాడు యజమాని పెద్దిరాజు. "కట్టనంటే రేపట్నుంచి రావద్దు."

ఇల్లు గడిచేది ఆ కూలితోనే. అయినా ముసలాయన చాకు తుడిచి, అక్కడే పెట్టేసి వచ్చేశాడు. ఇంట్లో భార్య మిర్యాము శుక్రవారం దీపాలకి వత్తులు వేస్తోంది. "రేపట్నుంచి పనిలోకి రావద్దన్నారే." "రేపు శనివారమేగా, ఎలాగూ వెళ్లరు," అంటూ నవ్వబోయింది. దీపాలు వెలిగించి, ఆచారం ప్రకారం రెండు చేతులతో కళ్లు మూసుకుని ప్రార్థన చెప్పింది. ప్రార్థన అయిపోయింది. ఆవిడ చేతులు మాత్రం కళ్ల మీంచి దిగలేదు.