పెద్దాయన పేరు

ఇరవై మూడేళ్లు వచ్చేదాకా నేను పులిని నిఘంటువులో తప్ప ఎక్కడా చూడలేదు. అయినా నాకు పులి తెలుసుననే అనుకున్నాను. నా మూర్ఖత్వానికి ఇంతకు మించి సాక్ష్యం అక్కర్లేదు గాని, ఉంది కాబట్టి చెబుతాను.

మాది సంజామల దగ్గర పల్లె. కనుచూపు మేర నల్లరేగడి. నీడకు ఒక తుమ్మచెట్టు దొరికితే గొప్ప, ఇక అడవి మాట ఎక్కడిది? మా పొలాల్లో తిరిగే వాటిల్లో నక్కే పెద్ద మెకం. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నంద్యాల బడిలో తెలుగు పంతులుగా చేరాను. చిన్న పంతులును నేను. పెద్ద పంతులుగారు వేరే ఉన్నారు. నాకు తెలిసిన శార్దూలమల్లా పద్యాల్లోది. దానికీ నాలుగు పాదాలే, పాదానికి పందొమ్మిది అక్షరాలు. అది పై తరగతి పిల్లల్ని తప్ప ఎవర్నీ కరిచేది కాదు.

అప్పట్లో నాకు మాటలు ఎక్కడ పుట్టాయో వెతికే పిచ్చి పట్టింది. ఒక నోటుపుస్తకం కుట్టించుకుని, కూరగాయలమ్మేవాళ్లను కూడా వదలకుండా అడిగేవాణ్ణి. ఒకరోజు పంతుళ్ల గదిలో పెద్ద పంతులుగారిని అడిగాను.

"పులిని పులి అని ఎందుకన్నారంటారు?"

ఆయన నశ్యం డబ్బీ మూసి, "వ్యాఘ్రం అనవయ్యా. విశేషంగా వాసన చూసేది గనక వ్యాఘ్రం. దానికొక అర్థముంది. పులి ఏమిటి, పులి? పామరులు నోటికొచ్చింది అన్నారు. అంతగా తెలుసుకోవాలని ఉంటే పోయి దాన్నే అడుగు" అన్నారు.

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వకపోతే బాగుండదని.

ఆ ఎండాకాలం సెలవులకు ఆళ్లగడ్డలో మా అక్క ఇంటికి వెళ్లాను. ఆమె పక్కింట్లో ఒక బండాయన ఉండేవాడు. నల్లమల నుంచి వెదుర్లు తోలుకొచ్చి అమ్మడం ఆయన బతుకు. నన్నూ అడవికి తీసుకుపొమ్మన్నాను.

"వస్తే రా అయివారూ. కానీ ఒక మాట. అడివిలో ఆయప్ప పేరెత్తగూడదు. నిరుడు ఒక ఎద్దును ఆయప్పకిచ్చుకున్నా. ఈ జతలో ఒకటి పోయినా నా బండి పొయ్యిలోకి, నా పిల్లోల్లు కూలికి."

సరేనన్నాను. సరే అనడానికి నాకేం పోయింది?

దిగువ అహోబిలం దాటి అడవి మొదట్లో ఆగి, అక్క కట్టిచ్చిన ఆకు పొట్లం విప్పాను.

"పులిహోర తింటావా అప్పా?"

ఆయన గబుక్కున అడవి వైపు చూశాడు. "దాన్ని ఈడ చింతపండన్నం అంటాం. ఆ పేరుకు పోలిక గూడా వొద్దు."

ఎంత చక్కటి సంగతి! నోటుపుస్తకం తీసి రాసుకున్నాను. రాసుకున్నాను గాని, బుర్రకెక్కించుకోలేదు. నా చదువంతా ఆ బాపతుదే. బండి మళ్లీ కదిలి, వెదురు పొదలు రెండు వైపులా మూసుకొస్తున్న చోట నాకు ఉండబట్టలేదు.

"పేరెత్తొద్దన్నావే, ఎవరి పేరప్పా?"

"ఆయప్పదే."

"ఏ ఆయప్ప?"

"పెద్దాయన."

"పెద్దాయనంటే?"

"ఏందయివారూ, ఎన్నితూర్లు జెప్పల్ల? అదే."

రాసుకునేవాడికి 'అదే' అంటే సరిపోదు. "అదే అంటే పులేనా? చిరుతపులా, పెద్దపులా?" అని పెన్సిలు పైకెత్తి మరీ అడిగాను. ఎత్తొద్దన్న పేరు ఒక్క గుక్కలో మూడుసార్లు ఎత్తాను.

బండి ఆగిపోయింది. ఆయన నా వైపు తిరగలేదు. ఎద్దుల వైపే చూస్తూ, "దిగు" అన్నాడు.

అది ఆ బాట కట్టుబాటు. పేరెత్తినవాడు బండి దిగి, ఒక పచ్చి రెమ్మ తుంచి పట్టుకుని, ఎద్దుల ముందు నడవాలి. ముందున్న దేవర రాయి దగ్గర ఆ రెమ్మ పెట్టేదాకా నోరు విప్పకూడదు. "పిలిచినోడు ముందరుండల్ల. నువ్వు పిలిచినాక నా ఎద్దులేల ఎదురు పోవల్ల?" అన్నాడు. దిగాను.

రెమ్మ పట్టుకుని నడుస్తుంటే మొదట నవ్వొచ్చింది. పెద్ద పంతులుగారు చూస్తే ఏమంటారో అనుకున్నాను. కొంతదూరం పోయాక నవ్వు దానంతటదే పోయింది. ఎద్దుల ఊపిరి నా మెడ మీద వెచ్చగా తగులుతోంది. ఎక్కడో ఒక కొండముచ్చు దగ్గినట్టు అరిచింది. తర్వాత అడవిలో ఏదీ అరవలేదు. నా మెడ మీది ఊపిరి ఆగిపోయింది. వెనక్కి చూస్తే ఎద్దులు రెండూ కాళ్లు బిగబట్టి వణుకుతున్నాయి.

ముందుకు తిరిగాను.

ముప్పై అడుగుల దూరంలో, ఎండిన వంకలోంచి అది బాట మీదికి వచ్చింది. వచ్చింది అనడం కూడా తప్పే. అక్కడున్న వెదురు నీడలూ ఎండా ఒకచోట చేరి నడవడం మొదలుపెట్టాయి. తొందర లేదు. ఒక్కో అడుగూ నేలను అడిగి పెట్టినట్టుంది. బాట నడిమధ్య ఆగి తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఆకలి కూడా ఉన్నట్టు లేదు. నేను ఉన్నానని గమనించింది, అంతే. నన్నెవరూ అంత పూర్తిగా చూడగా నేనెరగను.

నా నోట్లో పులి లేదు, వ్యాఘ్రం లేదు, పందొమ్మిది అక్షరాల శార్దూలమూ లేదు. ఉన్న మాటలన్నీ నన్నొదిలేసి పారిపోయాయి. మిగిలింది ఒకటే, పెద్దాయన. ఇంకే పేరు ఆ నడకకు చాలదు.

వెనక బండి మీంచి గొంతు వినబడింది, సన్నగా, ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడినట్టు. "పిల్లోల్లం నాయనా. తెలీక పిలిచినాడు. నీ దావన నువ్వు పో, మా దావన మేము పోతాండాం."

ఆయన దావన ఆయన పోయాడు. ఒక్క ఆకు కూడా అల్లాడలేదు.

దేవర రాయి దగ్గర, అప్పటికే ఎండిపోయిన రెమ్మల గుట్ట మీద నా రెమ్మ పెట్టాను. బండాయన దిగి వచ్చి ముందు ఒక ఎద్దునూ తర్వాత రెండోదాన్నీ గంగడోలు నుంచి తోకదాకా తడిమి చూశాడు. ఎద్దులు దక్కాయని చేతికి నమ్మకం కుదిరాక రాతి పక్కన కూలబడ్డాడు.

"పేరెత్తితే ఏమవుతుందప్పా?" అని అడిగాను. ఈసారి నోటుపుస్తకం తీయలేదు.

"పేరు పెట్టి పిలుస్తే పలకడం పెద్దమనుషుల గుణం గదా అయివారూ. ఆయప్ప పలికితే మన గతేంది? మీ ఇంట్లో ఆడోల్లు మొగుని పేరు జెప్తారా?"

చెప్పరు. ఓటర్ల పేర్లు రాసుకోను మా పల్లెకు వచ్చినాయన అడిగితే, మా అమ్మ పక్కింటామెను పిలిచి మా నాయన పేరు చెప్పించింది. భయమా అంటే భయం కాదు, ప్రేమా అంటే ప్రేమా కాదు. అవి రెండూ విడిపోకముందు మనుషుల్లో ఉండినదేదో అది.

తిరుగుదారిలో వెదుర్ల మీద కూర్చుని ఒకటే ఆలోచన. 'పులి' కూడా మొదట్లో ఇలాంటి చాటు మాటేనేమో. అసలు పేరు ఎత్తడానికి దడిసి ఎవరో ముసలాయన దాని ఒంటి రంగునో, మరొకదాన్నో పట్టుకుని మెల్లగా పులి అని ఉంటాడు. అది వాడగా వాడగా పేరైంది. పేరయ్యాక మళ్లీ భయమేసింది. దాని మీద పెద్దాయన కప్పారు. రేపు ఇదీ పేరవుతుంది, దీన్నీ ఎత్తకూడదంటారు. పొరలన్నీ విప్పుకుంటూ పోతే అన్నిటికంటే అడుగున ఏ మాట ఉందో! బహుశా మాట ఉండదు. బాట మధ్య ఆగి తల తిప్పి చూసిన ఆ చూపే ఉంటుంది. నిజమో కాదో నేను రుజువు చేయలేను.

సెలవులయ్యాక ఇదంతా పంతుళ్ల గదిలో చెప్పాను. పెద్ద పంతులుగారు తుమ్మి, "పెద్దాయనట! రేపు నక్కను చిన్నాయనంటాడు" అన్నారు. గది మళ్లీ నవ్వింది. నేను నవ్వలేదు.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయే నాటికి నేను ఆళ్లగడ్డకు బదిలీ అయ్యాను. ఆ మరుసటేడు పెద్ద పంతులుగారు ఎగువ అహోబిలం స్వామి దర్శనానికని నా దగ్గర దిగారు. అదే బండి మాట్లాడాను. అడవి మొదట్లో బండాయన కట్టుబాటు చెప్పాడు. పంతులుగారు కళ్లు మూసుకుని చిరునవ్వు నవ్వారు. దారి పొడవునా నేను నోరు మెదపలేదు. దేవర రాయి కనబడే మలుపు తిరిగాక, ఇక నూరడుగులు ఉందనగా, వినయంగా అడిగాను. ఎద్దులకేమవుతుందోనని నాకు ఆ మాత్రం భయమూ, పెద్ద పంతులుగారి మీద ఆ మాత్రం దయా ఉన్నాయి మరి.

"అయ్యా, వ్యాఘ్ర శబ్దానికి అర్థం ఆనాడు సెలవిచ్చారు. మళ్లీ ఒకసారి..."

"విశేషంగా వాసన చూసేది," అని బండాయన కూడా వినేలా గొంతు పెంచారు. "నీకు తెలిసే మాటలో చెప్పాలంటే, పులి!"

బండి ఆగింది.

"దిగు సామీ."

పెద్ద పంతులుగారు నా వైపు చూశారు. నేను చెట్టు నుంచి మంచి పచ్చి రెమ్మ ఒకటి తుంచి, రెండు చేతులా ఆయనకు అందించాను. ఉత్తరీయం సవరించుకుని, రెమ్మ పట్టుకుని, ఆయన ఎద్దుల ముందు నడిచారు. జీవితంలో మొదటిసారి నూరడుగులు మాట్లాడకుండా నడిచారు. రాయి దగ్గరికి చేరేసరికి మనిషి కొంచెం చిన్నగా, కొంచెం మంచిగా కనిపించారు.

నేను మాత్రం బండిలోనే కూర్చుని చింతపండన్నం పొట్లం విప్పాను.