తేదీ చీటీ కింద ఇంకో చీటీ

ఎండాకాలం మధ్యాహ్నం మాంసం తనిఖీకి వెళ్లడమంత దిక్కుమాలిన పని ఇంకోటి లేదు. ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్నది అదే. గోదావరిఖనిలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ అంటే పేరుకు అధికారి, పనికి ముక్కు. వాసన చూడాలి, నోటీసు రాయాలి, తిట్లు తినాలి.

మా వీధి చివర ఒక ముసలాయన మటన్ దుకాణం ఉండేది. అందరూ ఆయన్ని కాక అనేవాళ్లు, నేనూ అంతే. పొద్దున్నే కబేళాలో పశువుల డాక్టరు ముద్ర వేసిన యాటపోతును తెచ్చి కొక్కేనికి వేలాడదీసేవాడు. ఆదివారం నైట్ షిఫ్టు దిగిన గని కార్మికులు ఇంటికి కూడా పోకుండా నేరుగా అక్కడికే వచ్చేవాళ్లు. బొటనవేలితో తొడ నొక్కి చూసి, "ఇగో, ఈడ కొట్టు కాక" అనేవాళ్లు. నొక్కి చూడకుండా కొన్నవాణ్ణి మా దగ్గర తెలివితక్కువవాడి కింద జమకడతారు. పది గంటలకల్లా కొక్కెం ఖాళీ అయ్యేది.

తర్వాత మెయిన్ రోడ్డు మీద సూపర్ మార్కెట్ వచ్చింది. దాని వెనకే మా ఆఫీసుకు సర్క్యులర్ వచ్చింది. మాంసం బయట వేలాడదీయకూడదు, అద్దాల తలుపు ఉండాలి, ఫ్రిజ్‌లో పెట్టి అమ్మాలి. నిబంధనలో తప్పేం లేదు. ఈగలూ, బొగ్గు లారీలు లేపే దుమ్మూ నేను చూడనివి కావు. కాకకు నోటీసు నేనే ఇచ్చాను.

పాపం, ఆయన మాట విన్నాడు. అద్దాలు బిగించాడు, పాత ఫ్రిజ్ ఒకటి తెచ్చి పెట్టాడు. ఆ ఆదివారం నైట్ షిఫ్టు వాళ్లు ఫ్రిజ్ చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంది కాక, నిన్నటి కూర అమ్ముతున్నవా?"

"నిన్నటిది కాదు బిడ్డ, పొద్దుగాల కోసిందే. సార్ గిట్ల పెట్టుమన్నడు."

ఎవరు నమ్ముతారు? మా వాళ్లకు ఫ్రిజ్‌లో ఉన్నదంటే మిగిలిపోయిన మాంసమే. నేను పక్కనే ఉండి కూడా నోరు విప్పలేదు. అదేం చిత్రమో, సూపర్ మార్కెట్‌లో ప్యాకెట్ మీద తేదీ ఉంటుందని వాళ్లే మెల్లగా అటు మళ్లారు. ఏడాది తిరక్కుండానే కాక దుకాణం మూసేసి, ఆ సూపర్ మార్కెట్‌లోనే మాంసం కౌంటర్‌లో పనికి కుదిరాడు.

మొన్న ఎండాకాలంలో అక్కడికి తనిఖీకి వెళ్లాను. ఒక ప్యాకెట్ తీసి చూస్తే తేదీ చీటీ మందంగా తగిలింది. గోటితో గీరాను. కింద ఇంకో చీటీ ఉంది, మూడు రోజుల పాత తేదీతో. కౌంటర్ వెనక కాక ఒక్కడే ఉన్నాడు. ప్యాకెట్ ఆయన ముందు పెట్టాను.

"నువ్వే అంటించినవా కాక?"

"నేనే. ఈడ ఒక్క ప్యాకెట్ కూడా మిగలద్దంటడు మేనేజర్. నా దుకాణంల మిగిలితే కుక్కలకు ఏసేటోణ్ణి."

నోటీసు పుస్తకం తీశాను. నేను రాస్తే మేనేజర్ ఎలాగోలా తప్పించుకుంటాడు, పోయేది కాక ఉద్యోగమే. ఇంట్లో భార్యను వారానికోసారి దవాఖానకు తీసుకుపోవాలని నాకు తెలుసు. ఈ వయసులో ఆయనకు ఇంకో పని ఎవరిస్తారు? నోటీసు పుస్తకం మూసేద్దామనుకున్నాను. దాచుకోవడమెందుకు, సగం మూశాను కూడా.

"రాయి బేటా," అన్నాడు కాక. "రేపు ఎవరి పిల్లగాడో తింటడు."

రాశాను. ప్యాకెట్లన్నీ ఆయనే సంచుల్లోకి ఎత్తాడు. మళ్లీ ఎవరూ అమ్మకుండా నేను వాటి మీద ఫినాయిల్ పోయిస్తుంటే చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

తర్వాతి వారం వెళ్తే కౌంటర్‌లో ఎవరో కొత్తవాడు. మేనేజర్ నవ్వుతూ నమస్తే పెట్టాడు. రిజిస్టర్‌లో సంతకం పెట్టి బయటికొచ్చేశాను.

కాక ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతలే, నేను ఆఫీసుకు పోయే దారిలోనే. అప్పటి నుంచి నేను ఆఫీసుకు వెనక సందులోంచి వెళ్తున్నాను.