రోలుగుంట ఇంజిను గంటలు

2008 జూన్‌లో ఒక రోజు, నర్సీపట్నంలో టెలిఫోన్ల శాఖ సబ్ డివిజనల్ ఇంజనీరుగా ఉండగా, చూడని మీటర్లకు రీడింగు వేసి సంతకం చేశాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదే.

కరెంటు పోతే మా సెల్ టవర్లు ముందు బ్యాటరీల మీద, అవి దిగిపోతే డీజిల్ ఇంజిను మీద నడిచేవి. ఇంజిను ఎంతసేపు తిరిగిందో దానికున్న అవర్ మీటరు చెబుతుంది. దేశం మొత్తం మీద ఫోన్ల నెట్‌వర్క్ గాలిలోకి వదులుతున్న కార్బన్ ఎంతో లెక్క కడుతున్నారనీ, మా పదకొండు టవర్ల ఇంజిను గంటలు సాయంత్రంలోగా పంపాలనీ పై ఆఫీసు ఉత్తర్వు. బ్యాటరీలు మార్చేది కూడా ఆ గంటలను బట్టేనని చివర ఉంది. అక్కడిదాకా నేను చదవలేదు. టెక్నీషియన్ సత్యం చూసొస్తానన్నాడు. అక్కర్లేదన్నాను. ప్రకటించిన కరెంటు కోత రెండు గంటలు కాబట్టి అన్నిటికీ రోజుకు రెండు గంటలే వేశాను.

ఆగస్టులో కొత్త బ్యాటరీల జాబితా వచ్చింది. రోలుగుంటతో సహా మా టవర్లు ఒక్కటీ అందులో లేవు. ఆ వారమే అక్కడి టవరు వెనకింటి మార్తమ్మ గారు ఆఫీసుకొచ్చారు. పగలంతా ఇంజిను ఆగడం లేదని, పొగకు భర్తకు ఊపిరాడటం లేదని చెప్పారు. రెండు గంటలేనని కాగితం చూపించాను.

“ఏటి బాబూ, ఇది మా గోడ పక్కన కూకుని రాసేరేటి? మా ఆయన దగ్గునడిగినా గంటలు సెప్తాది,” అన్నారామె.

మర్నాడు వెళ్లాను. మీటరు ప్రకారం రోజుకు పదకొండు గంటలు; ప్రకటించింది రెండు గంటలైనా అక్కడ కరెంటు పోయేది అంతసేపు. బ్యాటరీలు పది నిమిషాలు కూడా నిలవడం లేదు. వాళ్ల గోడ నల్లగా ఉంది.

“సూసొస్తానంటే వద్దన్నారు కదండీ,” అన్నాడు సత్యం, నా వైపు చూడకుండా.

తప్పు ఒప్పుకుంటూ పై ఆఫీసుకు ఉత్తరం రాశాను. కానీ నా ప్రమోషన్ ఫైలు అప్పుడు పైన ఉంది. నాలుగు రోజులు ఆ ఉత్తరం సొరుగులోనే ఉంది. ఫోను మోగితే ఉలిక్కిపడేవాణ్ణి. అక్కడ ఇంజిను తిరుగుతూనే ఉంది. అయిదో రోజు మార్తమ్మ గారి భర్తను ఆయాసంతో నర్సీపట్నం ఆసుపత్రిలో చేర్చారని సత్యం చెప్పాడు. ఉత్తరం ఆ గంటలోనే పంపాను. పదకొండు అంకెలూ ఊహించి వేసినవేననీ, సత్యానికి సంబంధం లేదనీ రాశాను.

ఆ సాయంత్రమే పొగగొట్టం ఎత్తు పెంచి పొలాల వైపు తిప్పించాం. ఆయన వారానికి ఇంటికొచ్చారు. బ్యాటరీలు అక్టోబరులో వచ్చాయి. నాకు మెమో వచ్చింది, ప్రమోషన్ ఆగింది. దేశం లెక్కలో నా రెండు గంటలు దిద్దారో లేదో తెలియదు.

రిటైరయ్యేదాకా ప్రతి నెలా మీటర్లు నేనే వెళ్లి చూశాను. వెళ్లలేకపోయిన చోట అంకె వేయలేదు. ఆ గడిలో ‘చూడలేదు’ అని రాసి సంతకం చేశాను.