పుస్తకంలో లేని స్వరం

క్రెమోనా పట్టణంలో బెర్తోలినో రొట్టెలు కాల్చేవాడు, ప్రార్థన వేళకు చర్చిలో పాడేవాడు. ముప్పై ఏళ్లుగా అదే బతుకు. పాటగాళ్లందరికీ కలిపి ఒకటే పెద్ద పుస్తకం. దాని చుట్టూ మూగి పాడేవారు. 'లా' అనే స్వరం మీద నుంచి ఒక్క మెట్టు ఎక్కి దిగేచోట ఆ పై స్వరాన్ని అర మెట్టు తగ్గించాలి. అది రాసి ఉండదు. చిన్నప్పుడే వేళ్ల కణుపులనే స్వరాలుగా చూపించి నేర్పేవారు.

ఒకరోజు సాధనలో బెర్తోలినో అలా తగ్గించి పాడగానే, కొత్తగా వచ్చిన పాటల గురువు లాత్తాన్సియో అందరి ముందూ అతణ్ణి ఆపాడు. "పుస్తకంలో లేనిది పాడతావేంటయ్యా? ఇంకోసారి పాడావంటే నీ చోట ఇంకొకడుంటాడు."

"రొట్టె మీద నమిలి తినమని రాస్తామా, గురువుగారూ?"

తోటివాళ్లు నవ్వారు గానీ బెర్తోలినోకు ఒళ్లు మండిపోయింది. ఆదివారం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే, తగ్గించకుండా పాడాడు. కింది గొంతులతో కలిసి ఆ స్వరం తలుపు కీచుమన్నట్టు వినిపించింది. ముందు వరుసలోని ముసలమ్మ శిలువ గుర్తు వేసుకుంది.

ప్రార్థన అయ్యాక గురువు చెవులదాకా ఎర్రబడి, అతణ్ణి స్తంభం చాటుకు పిలిచాడు. "ఎప్పట్లాగే పాడు, బాబాయ్."

"తిట్టింది అందరి ముందూ కదా. ఇదీ అందరి ముందే చెప్పండి."

గురువు అందరి ముందూ నోరు విప్పడానికి మూడు ఆదివారాలు పట్టింది. మూడు ఆదివారాలూ ఆ తలుపు కీచుమంటూనే ఉంది.